గానుగ నూనెకి లైకులు వస్తున్నాయి, గిరాకీ రావట్లేదు. డబ్బు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న – అనంతపురం గానుగ

అందరికీ నమస్తే. మాది అనంతపురం. కమలానగర్ దగ్గర ఒక సందులో చిన్న గానుగ నూనె కొట్టు. రెండు కట్టె గానుగలు, మోటారుతో తిరిగేవి. ఒకటి చెనిక్కాయ (వేరుశనగ) నూనెకే, రెండోది నువ్వులకీ కొబ్బరికీ మార్చి మార్చి వాడతాం. గానుగ పని నేను చూస్తాను. వడకట్టడం, బాటిళ్లు నింపడం, లేబుల్ అంటించడం నా భార్య చూస్తుంది. ఫుడ్ లైసెన్సు, జీఎస్టీ అన్నీ సక్రమంగా ఉన్నాయి.

సరుకు మీద నాకు డౌట్ లేదు. కదిరి, ధర్మవరం వైపు రైతుల దగ్గర కాయ కొని మేమే ఒలిపిస్తాం. పుచ్చు గింజ, ముడత గింజ ఏరేశాకే గానుగలో పడుతుంది. లీటరు నూనె దిగాలంటే దాదాపు రెండున్నర కిలోల గింజ కావాలి. కిలో 125 లెక్కన గింజకే 310 దాటుతుంది. నూనె తీశాక మిగిలే చెక్క అమ్మితే కొంత వెనక్కి వస్తుంది కాబట్టి సరిపోయింది. కరెంటు, అద్దె, బాటిల్, కూలి అన్నీ చూసుకుని లీటరు 340కి ఇస్తున్నా. పక్కన కిరాణా కొట్లో ప్యాకెట్ నూనె దాదాపు సగం రేటుకి దొరుకుతోంది.

షాపు తెరిచినప్పుడు అందరిలాగే ఫ్లెక్సీలు కట్టించాం. పేపర్ మధ్యలో పాంప్లెట్లు పెట్టించాం. ఆటోకి మైకు కట్టి పాతూరు, రామ్‌నగర్, సాయినగర్ అంతా తిప్పాం. కొన్నాళ్లు జనం వచ్చారు, తర్వాత చల్లబడింది. అప్పుడు మా బావమరిది "ఈ కాలంలో మైకు ఎవరు వింటారు బావా, ఇన్‌స్టా ఉండాల" అని డిజిటల్ మార్కెటింగ్ వాళ్లను పట్టుకొచ్చాడు. పేరు వద్దులెండి. నెలకు 12,000. దానికి పోస్టులు, రీల్స్, పండగ విషెస్. ఉగాదికి ఒకటి, రంజాన్‌కి ఒకటి, మదర్స్ డేకి ఒకటి. మదర్స్ డేకీ వంటనూనెకీ సంబంధమేందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. పైగా పోస్టుని ఎక్కువ మందికి చూపించడానికి కట్టే బూస్ట్ ఖర్చు వేరే.

ఫాలోవర్లు నాలుగు వేలు దాటారు. గానుగ తిరిగే రీల్‌కి లక్ష పైన వ్యూస్. కామెంట్లలో "సూపర్ బ్రో", "మా తాత గుర్తొచ్చాడు", "శ్రీకాకుళం పంపిస్తారా". మా వీధిలో వాళ్లు మాత్రం ప్యాకెట్ నూనెకే పోతున్నారు. గల్లాపెట్టెలో తేడా ఏమీ లేదు. అడిగితే "బ్రాండ్ అవేర్‌నెస్‌కి టైం పడుతుంది సార్, బడ్జెట్ పెంచండి" అంటున్నారు.

ఇప్పుడు ఇంకొకాయన లోకల్ కేబుల్‌లో స్క్రోలింగ్ వేయమంటున్నాడు. ఇంకొకరు సొంత వెబ్‌సైట్ అంటున్నారు. చేతిలో ఉన్న డబ్బు ఒకచోట పెట్టడానికే సరిపోతుంది. ఎక్కడ పెట్టాలి? ఇంకో ప్రశ్న కూడా అడుగుతా, నవ్వకండి. సరుకు చేయడం ఇంత బాగా వచ్చినవాడికి దాన్ని అమ్మడం ఎందుకు రాదు? నేనొక్కడినే కాదు. మా లైన్లో మిల్లెట్ కొట్టు ఆయన, పచ్చళ్ల ఆమె, అందరిదీ ఇదే ఏడుపు.

తాడిపత్రి కుర్రోడు

అన్నా సింపుల్. ఫుడ్ వ్లాగర్‌ని పిలిపించండి. మా ఊర్లో ఉగ్గాని బజ్జి బండి ఆయనకి ఒక్క వీడియోతో క్యూ కట్టారు జనం.

అనంతపురం గానుగ

తమ్ముడూ, ఉగ్గాని వీడియో చూసినవాడు బండెక్కి వచ్చి తిని పోతాడు. నూనె వీడియో చూసినవాడి ఇంట్లో అప్పటికే అయిదు లీటర్ల క్యాను ఉంటుంది. మా పక్క వీధిలో ఒకరు పిలిపించారు కూడా. వారం సందడి, సెల్ఫీలు. తర్వాత మామూలే.

సాయినగర్ టీచర్

నేను మీ షాపులోనే కొన్నానో, అలాంటి ఇంకో షాపులోనో తెలియదు గానీ, ఒక కస్టమర్‌గా చెప్తాను, ఏమీ అనుకోకండి.

మొదటిది రేటు. మీలాంటి వాళ్ల పోస్టులన్నింట్లో "ప్రైస్ కోసం ఇన్‌బాక్స్ చేయండి" అని ఉంటుంది. స్కూలు నుంచి వచ్చి వంట చేసుకుంటూ ఫోను చూసే మనిషిని నేను. నూనె రేటు కోసం ఒకరికి మెసేజ్ పెట్టి, వాళ్లు రాత్రి పదకొండుకి "హాయ్ మేడమ్" అంటే, నేను జవాబివ్వాలా? రేటు ఎక్కువని దాచిపెడుతున్నారని మాకు అర్థమవుతుంది. ఎక్కువైతే ఎక్కువని రాయండి, ఎందుకు ఎక్కువో కూడా రాయండి. ఇక్కడ మీరు రాసిన రెండున్నర కిలోల లెక్క నాకు ఇంతవరకు ఒక్క షాపువాళ్లూ చెప్పలేదు.

రెండోది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. గానుగ నూనె తెచ్చిన మొదటి ఆదివారం అలసంద వడలు వేశాను. నాలుగు వడలు వేయగానే బుస్సున నురగ పొంగి, మూకుడు దాటి స్టవ్ మీదకి వచ్చేసింది. మంట ఆపేసి భయపడి వెనక్కి జరిగాను. మా అత్తగారు వచ్చి చూసి "ఏదో కలిపినారు, కల్తీ నూనె ఇది" అని తీర్పు ఇచ్చేశారు. బాటిల్ అడుగున మడ్డి కూడా కనిపించేసరికి ఆమె మాటే నిజమనుకున్నాం. మిగిలిన నూనె దీపాలకి వాడేశాం. ఆ షాపు ముందు నుంచి రోజూ స్కూలుకి పోతాను, లోపలికి మాత్రం మళ్లీ పోలేదు. మీ ఫాలోవర్ల లిస్టులో నేను కూడా ఉండొచ్చు!

అనంతపురం గానుగ

అక్కా, అది కల్తీ కాదు. ప్యాకెట్ నూనెని రిఫైన్ చేసేటప్పుడు దాంట్లో జిగురంతా తీసేస్తారు. గానుగ నూనెలో ఆ జిగురు, కొంచెం తేమ ఉంటాయి. అందుకే కాగేటప్పుడు నురగ వస్తుంది. మూకుడులో సగానికి తక్కువ పోసుకుని, సన్న సెగ మీద కాగనిచ్చి, రెండు మూడు వడలు మాత్రమే వేయాలి. మేమైతే నూనెని కొన్నాళ్లు డ్రమ్ముల్లో తేరనిచ్చి పైనూనె మాత్రమే తీస్తాం. అయినా అడుగున కాస్త మడ్డి దిగుతుంది, అది గింజ పిండే. వేపుళ్లకి, తాలింపుకి మా నూనె వాడి చూడండి, వాసనకే తెలిసిపోతుంది.

కర్నూలు లైన్ సేల్స్

అనంతపురం అన్నా, ఇప్పుడు ఆ టీచరమ్మకి రాసినారు చూడండి, ఆ నాలుగు మాటలు బాటిల్ మెడకి చీటీగా కట్టి ఉంటే ఆమె ఈపాటికి మీకు పాత కస్టమర్. ఆ చీటీ అచ్చుకి రూపాయి కూడా కాదు. ఆ ఖర్చు మానేసి మదర్స్ డే విషెస్‌కి కట్టినారు. కోపం తెచ్చుకోకండి, పెద్దవాణ్ని, కాస్త దురుసుగా రాస్తాను.

నాది కర్నూలు. సబ్బులు, టీ పొడి, పేస్టు చేసే ఒక పెద్ద కంపెనీ స్టాకిస్టు దగ్గర లైన్ సేల్స్‌మన్‌గా నా సర్వీసంతా గడిచింది. సోమవారం వన్‌టౌన్, పెద్ద మార్కెట్. మంగళవారం కల్లూరు. బుధవారం సి.క్యాంపు, బి.క్యాంపు, నంద్యాల చెక్‌పోస్టు. గురువారం కోడుమూరు. శుక్రవారం వెల్దుర్తి, డోన్. దీన్ని బీట్ అంటాం. ఎండ కాల్చనీ, వాన పడనీ, మంగళవారం అంటే కల్లూరే. షాపతను నన్ను చూసి "ఈరోజు మంగళవారమా!" అనాల. అట్లా అన్నాడంటే లైన్ కుదిరినట్టు.

మీరంతా కంపెనీలు టీవీ యాడ్‌తో అమ్ముతాయనుకుంటారు. యాడ్ పేరు గుర్తు చేస్తుంది, కాదనను. కానీ వెల్దుర్తిలో కొట్టు అరలో సబ్బు అయిపోయే వేళకి నేను ఆ మెట్ల మీద లేకపోతే, ఆ అరలో ఇంకో కంపెనీ సబ్బు కూర్చుంటుంది. అప్పుడు టీవీలో ఏ హీరోయిన్ వచ్చినా లాభం లేదు. నిర్మానే చూడండి. అందరికీ టీవీ పాట గుర్తుంటుంది. ఆ పాటకి ముందు, 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఉద్యోగం చేసుకుంటూ ఆ పొడిని సైకిల్ మీద ఇంటింటికీ తిప్పి అమ్మినాడు. పాట తర్వాత వచ్చింది.

ఇంకో సంగతి చెప్తాను. 2009 అక్టోబర్ వరద కర్నూలోళ్లు ఎవరూ మర్చిపోరు. తుంగభద్ర పొంగి పాత టౌన్ మొత్తం మునిగింది. నీళ్లు తీసినాక వన్‌టౌన్‌లో చూస్తే ఏ కొట్లో చూసినా బురద, ఉబ్బిపోయిన బస్తాలు, తడిసి అతుక్కుపోయిన ఖాతా పుస్తకాలు. ఎవరికి ఏం సరుకు కావాలో వాళ్లకే తెలియదు. నా ఇల్లు ఎత్తు మీద ఉండడంతో నా ఆర్డర్ నోట్‌బుక్ బతికింది. ఏ షాపువాడు ఏ సైజు సబ్బు ఎన్ని డజన్లు తీస్తాడు, టీ పొడిలో అయిదు రూపాయల ప్యాకెట్ పోతుందా పావుకిలో పోతుందా, అంతా అందులో ఉంది. ఆ పుస్తకం చంకన పెట్టుకుని ఒక్కొక్క కొట్టుకీ పోయి "అన్నా, నీది మామూలుగా ఇదీ లిస్టు, ఇప్పుడు సగం వేసేదా?" అని అడిగినా. సంచుల్లో బురద ఎత్తిపోస్తా తలకాయ ఊపినారు. డబ్బు తర్వాత ఇస్తామన్నారు, ఇచ్చినారు కూడా. మా ఎదురు కంపెనీ సరుకు మాకంటే మంచిదే, స్కీములు కూడా మాకంటే బాగుండేవి. వాళ్ల పిల్లోడు లైన్‌కి కొత్త, వాడి దగ్గర పుస్తకం లేదు.

ఇప్పుడు మీ దగ్గరికొస్తా. షాపు పెట్టినప్పటి నుంచి మీ నూనె కొన్నవాళ్లు ఎవరెవరు? వాళ్ల ఫోన్ నంబర్లేవి? ఎవరింట్లో ఎంతమంది? పోయినసారి ఎప్పుడు తీసుకున్నారు? ఈ పుస్తకం మీ దగ్గర ఉందా? ఉండదు. ఏ చిన్న షాపులో అడిగినా ఉండదు. మైకు వినేవాడు, రీల్ చూసేవాడు, పాంప్లెట్‌లో మిరపకాయ బజ్జీ చుట్టుకుని తినేవాడు, వీళ్లందరికీ ఖర్చు పెడతారు. డబ్బిచ్చి మీ సరుకు కొన్న మనిషిని మాత్రం వాకిలి దాటగానే మర్చిపోతారు.

అమ్మడం ఎందుకు రాదు అని అడిగినారు కదా. వస్తుంది అన్నా, నామోషీ అడ్డం పడుతుంది. కొట్టు మీద కూర్చున్నవాడికి లేచి ఒకరి దగ్గరికి పోయి "అమ్మా, నూనె అయిపోయిందా, తెచ్చియ్యమంటారా" అని అడగడమంటే అడుక్కున్నట్టు ఉంటుంది. నా సరుకు మంచిదైతే వాళ్లే వస్తారులే అనుకుంటారు. సరుకు చేసే పనిలో ఎంత పనితనం ఉంటే ఈ బింకం అంత ఎక్కువ. నేను చూసిన మంచి స్వీటు మాస్టర్లు, మంచి టైలర్లు అందరిదీ ఇదే కథ. యాడ్‌కి డబ్బు ఎందుకు సంతోషంగా కడతారంటే, ముఖాముఖి అడిగే పని తప్పుతుంది కాబట్టి. ఆ 12,000 మీరు మార్కెటింగ్‌కి కట్టలేదు, మొహమాటానికి కట్టినారు. టీవీ యాడ్ వేసే కంపెనీలకి మాత్రం ఆ మొహమాటం లేదు. నాలాంటి వాణ్ని జీతమిచ్చి పెట్టుకుని రోజంతా అడిగిస్తాయి.

లెక్క చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకి మూడు లీటర్లు అనుకోండి. మీ చుట్టుపక్కల నూరు ఇళ్లు నెలనెలా మీ దగ్గరే తీసుకుంటే 300 లీటర్లు. మీ గానుగలకి అది చిన్న గిరాకీ కాదు, 750 కిలోల గింజ ఆడించాల. నాలుగు వేల ఫాలోవర్లు ఎందుకు? నూరు ఇళ్లు వెతకండి. ఇంటికొక పేజీ పెట్టండి. ఎవరు ఎప్పుడు తీసుకున్నారో రాయండి. అయిపోవడానికి నాలుగు రోజుల ముందు ఒక్క ఫోన్. "బాగున్నారా, నూనె ఎట్లుంది, పంపించేదా?" అంతే.

కొత్తవాళ్ల సంగతి. ముక్కూ మొహం తెలియని నూనెకి 340 పెట్టమంటే ఎవరైనా వెనకాడతారు. షాంపూలు పల్లెలకి ఎట్లా పోయినాయి? సీసాలతో పోలేదు, చిన్న ప్యాకెట్లతో పోయినాయి. మీరు కూడా 200 మిల్లీలీటర్ల బాటిల్ పెట్టండి, 75 రూపాయలు. ఒక తాలింపు వేసుకుని చూస్తారు. ఫ్రీ శాంపిల్ మాత్రం ఇయ్యొద్దు, ఊరికే వచ్చినదానికి ఇంట్లో విలువ ఉండదు.

ఇంకోటి, మీరు పోస్టులో ఒక ముక్క రాసి వదిలేసినారు. చెక్క అమ్ముతున్నా అన్నారు. ఎవరు కొంటున్నారు? బర్రెలున్నవాళ్లే కదా. పాలవాళ్లు! రోజూ తెల్లారి మీ ఊర్లో ఇళ్ల గడప తొక్కేవాళ్లు, ఆ ఇంటావిడ నమ్మి పాలు పోయించుకునేవాళ్లు మీ కొట్టుకే వచ్చి సరుకు కొనుక్కుని పోతున్నారు. వాళ్ల చేతికి నాలుగు బాటిళ్లు ఇచ్చి లీటరుకి ఇరవై ఇస్తానని చెప్పినారా ఎప్పుడైనా? కంపెనీలు ఇట్లాంటి లైన్ కోసం లక్షలు పోస్తాయి. మీకు వాకిట్లోకి వచ్చింది.

కిరాణా కొట్లలో పెట్టడానికి మాత్రం తొందరపడొద్దు. మార్జిన్ అడుగుతాడు, అప్పు అడుగుతాడు, ఎండలో బయట పెడతాడు, పోకపోతే రిటర్న్ అంటాడు. నేను రిటర్న్స్ మోసి మోసి నడుము పోగొట్టుకున్నవాణ్ని.

కౌంటర్ మీద ఒక ఎలక్ట్రానిక్ కాటా పెట్టండి. లీటరు చెనిక్కాయ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఈ మధ్య బజార్లో ప్యాకెట్లు రకరకాల బరువుల్లో వస్తున్నాయి. అన్నీ చూడడానికి లీటరు ప్యాకెట్ మాదిరే ఉంటాయి, గ్రాములు ఎవరూ చదవరు. కస్టమర్‌ని వాళ్లింటి ప్యాకెట్ తెచ్చుకుని తూచుకోమనండి. ఇంకొకరి పేరెత్తి తిట్టే పని లేకుండా మీ మాట కాటా చెబుతుంది.

కడప యాడ్స్

పెద్దాయనా, మీ పోస్టు సేవ్ చేసుకున్నా. కానీ నేను కడపలో యాడ్స్ చేసేవాణ్ని, మా పొట్ట మీద మరీ అంత కొట్టొద్దు. యాడ్ తప్పు కాదు, వేసిన తీరు తప్పు.

అన్నా, మీ బూస్ట్ ఎంగేజ్‌మెంట్ గోల్ మీద పెట్టి ఉంటారు. దానికి లైకులు కొట్టే అలవాటున్నవాళ్లనే ఫేస్‌బుక్ వెతికి చూపిస్తుంది. వాళ్లు లైక్ కొట్టారు, దాని పని అది చేసింది. మీకు కావాల్సింది మెసేజ్‌ల గోల్. నొక్కితే నేరుగా మీ వాట్సాప్ తెరుచుకోవాలి. లొకేషన్ రాష్ట్రం మొత్తం పెడితే శ్రీకాకుళం కామెంట్లే వస్తాయి. మ్యాప్ మీద మీ షాపు దగ్గర పిన్ పెట్టి చుట్టూ కొద్ది కిలోమీటర్లకే పరిమితం చేయండి. యాడ్‌లో రేటు, రెండున్నర కిలోల లెక్క రాయండి, టీచర్ గారు చెప్పినట్టు. యాడ్ ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ అదనంగా పడుతుంది, అది కూడా లెక్కలో వేసుకోండి. మీకు జీఎస్టీ ఉందన్నారు కాబట్టి యాడ్ అకౌంట్లో ఆ నంబర్ ఇచ్చి, ఆ పన్ను మీ జీఎస్టీలో తగ్గించుకునే క్రెడిట్ సంగతి మీ ఆడిటర్‌ని అడగండి.

వెబ్‌సైట్ ఇప్పుడు వద్దు. అనంతపురంలో నూనె కొనే మనిషి వెబ్‌సైట్‌లో కార్ట్ నింపడు. గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపు ఉందా? అది ఫ్రీ. పేరు, టైమింగ్స్, ఫోన్, గానుగ ఫొటోలు, రేట్లు పెట్టండి. రెగ్యులర్‌గా కొనేవాళ్లను రివ్యూ రాయమని అడగండి. బంధువుల చేత రాయించొద్దు, చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

కేబుల్ స్క్రోలింగ్ గురించి నేను మాట్లాడను, మా నాన్న మాత్రం చూస్తాడు.

అన్నింటికంటే ముందు ఒకటి చూసుకోండి. పేజీ, యాడ్ అకౌంట్ ఎవరి పేరు మీద ఉన్నాయి? నా దగ్గరికి వచ్చే పది మందిలో సగం మందికి వాళ్ల పేజీ పాస్‌వర్డ్ కూడా తెలియదు.

అనంతపురం గానుగ

అందరికీ థాంక్స్. పెద్దాయనా, మొహమాటం మాట గట్టిగానే తగిలింది. నా భార్యకి చదివి వినిపిస్తే "నేను ఎప్పటి నుంచో చెప్తాండా కదా" అంది. ఆమె ఎప్పుడు చెప్పిందో నాకు గుర్తు లేదు గానీ, గొడవెందుకని ఊరుకున్నా.

కొన్ని సంగతులు. బిల్లు పుస్తకాలు తీసి చూశాం. ఫోన్ నంబర్లు కొన్నే ఉన్నాయి. మిగతావి మా ఆవిడ రాసిన గుర్తులు. "టీచరమ్మ, పచ్చ గేటు", "బ్యాంకు ఆయన, రెండు లీటర్లు నువ్వులు", "కియాలో పనిచేసే అబ్బాయి వాళ్లమ్మ". ఆమెకి మనుషులు ముఖాలతో సహా గుర్తున్నారు. ఫోన్లు చేసే పని ఆమెకే ఇస్తే బాగుంటుందనిపిస్తోంది.

పాలవాళ్ల సంగతి నాకు తట్టనే లేదు. కానీ ఒక భయం. బాటిల్ దారిలో విప్పి ఏదైనా కలిపితే? పేరు పోయేది నాది. ఇంకో భయం, వాళ్లు నా రేటు కంటే తక్కువకి అమ్మేస్తే కొట్టుకి వచ్చేవాళ్లు గొడవ పెట్టుకుంటారు.

ఇంకా ఒకటి, అప్పు. ఇంటికి తెచ్చియ్యమంటారా అని ఫోన్ చేసి అడిగితే తెమ్మంటారు, డబ్బు ఒకటో తారీకు అంటారు. మన ఊర్లల్లో ఇది మామూలే. గింజ కొనేటప్పుడు రైతుకి నేను రొక్కం ఇయ్యాల.

కర్నూలు లైన్ సేల్స్

సీలు మూత వాడండి. తిప్పితే కింద రింగు తెగిపోయే రకం. రింగు తెగి ఉంటే తీసుకోవద్దని లేబుల్ మీదే పెద్దక్షరాలతో రాయండి. ఎంఆర్‌పీ అచ్చయి ఉంటుంది కాబట్టి అంతకంటే ఎక్కువకి అమ్మలేడు. తక్కువకి అమ్మితే పోయేది వాడి ఇరవైలోనే, ఎన్నాళ్లు అమ్ముతాడు? మొదట ఇద్దరికే ఇవ్వండి. మీ దగ్గర ఎక్కువ కాలంగా చెక్క కొంటున్నవాళ్లు, లెక్క సరిగ్గా ఇచ్చేవాళ్లు. అందరికీ ఒకేసారి ఇస్తే ఒకే వీధిలో ఇద్దరు కొట్టుకుంటారు. వీధులు పంచి ఇయ్యండి.

అప్పు సంగతి. నేను అప్పు లేకుండా లైన్ నడిపినోణ్ని కాదు, నీతులు చెప్పను. ఒక పద్ధతి మాత్రం ఉంది. పాత బాటిల్ డబ్బు వచ్చినాకే కొత్త బాటిల్. ఒక్క బాటిల్ అప్పు ఉండొచ్చు, రెండు ఉండకూడదు. ఇది ఆ ఇంటావిడకి మొదటి రోజే నవ్వుతూ చెప్పేయాల. మూడో నెల చెబితే కోపమొస్తుంది.

మీ ఆవిడకి ఫోన్ల పని ఇవ్వడం మంచిదే. కానీ లేబుల్ అంటించడం, నింపడం కూడా ఆమెనే చేస్తోంది అన్నారు. దాంట్లో ఒకటి తీసి ఇంకొకరికి ఇవ్వండి. 12,000 మిగులుతోంది కదా, ఒక పూటకి మనిషిని పెట్టుకోవచ్చు.

సాయినగర్ టీచర్

పచ్చ గేటు టీచరమ్మ నేను కాదండీ, మాది నల్ల గేటు. 200 బాటిల్ పెట్టాక చెప్పండి. ఈసారి మూకుడులో సగానికి తక్కువ పోసి చూస్తాను. మా అత్తగారిని మాత్రం మీరే ఒప్పించాలి. ఆమె మీ ఇన్‌స్టా చూడదు!

అనంతపురం గానుగ

అత్తగారిని షాపుకి తీసుకురండి అక్కా. గానుగ ముందు కుర్చీ వేస్తా, గింజ పోసిన దగ్గర నుంచి నూనె దిగేదాకా చూడనీయండి.

కడప అన్నా, మీరు చెప్పినట్టు చూశాను. పేజీ వాళ్ల పేరు మీదే ఉంది, యాడ్ అకౌంటూ వాళ్లదే. నాకు పోస్టు పెట్టే అవకాశం కూడా లేదు. నెలాఖరుకి మానేద్దామనుకుంటున్నా. మానేస్తే పేజీ పోతుందా? ఇంకొకటి, ఈ పాత కస్టమర్లందరికీ వాట్సాప్‌లో ఒకేసారి మెసేజ్ పంపితే సగం మందికి చేరడం లేదు, ఎందుకు?

కడప యాడ్స్

మానేస్తున్నట్టు చెప్పడానికి ముందే పేజీలో మీకు ఫుల్ కంట్రోల్ ఇవ్వమని అడగండి. వాట్సాప్‌లో కాదు, మెయిల్‌లో అడగండి, రాతపూర్వకంగా ఉంటుంది. అది వచ్చాక వాళ్ల యాక్సెస్ మీరే తీసేయొచ్చు. ఇన్‌స్టా అకౌంట్‌కి మీ ఫోన్ నంబరు, మీ మెయిల్ పెట్టించి పాస్‌వర్డ్ మార్చుకోండి. యాడ్ అకౌంట్ వాళ్లదైతే దాన్ని వదిలేయండి, మీ పేరున కొత్తది తెరిస్తే సరిపోతుంది. చివరి నెల డబ్బు ఈ పని అయ్యాకే కట్టండి.

వాట్సాప్ సంగతి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో మెసేజ్ పంపితే మీ నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయి ఉన్నవాళ్లకే చేరుతుంది. లిస్టుకి 256 మంది పరిమితి కూడా ఉంది, మీ నూరు ఇళ్లకి అది చాలు. కాబట్టి కౌంటర్ దగ్గరే "అమ్మా, ఒక మిస్డ్ కాల్ ఇస్తున్నా, గానుగ నూనె అని సేవ్ చేసుకోండి" అని అడిగి, వాళ్లు సేవ్ చేసేదాకా నిలబడండి. బిజినెస్ వాట్సాప్ వాడితే లేబుల్స్ పెట్టుకోవచ్చు. నువ్వుల నూనె వాళ్లు వేరు, చెనిక్కాయ వాళ్లు వేరు, ఈ వారం అయిపోయేవాళ్లు వేరు. పెద్దాయన నోట్‌బుక్ మాత్రం ఆపొద్దు. ఫోన్ పోతే అదే మిగిలేది.